నిలబడిన నేరం

మా ప్లీడరుగారి గాజు బీరువాలో లా పుస్తకాలు నాలుగు వరసలుండేవి. లావుపాటివన్నీ పై అరల్లో దుమ్ముపట్టి ఉండేవి. అన్నిటికంటె సన్నది, అట్ట ఊడిపోతే దారంతో కుట్టినది, కింద అరలో చేతికందే చోట ఉండేది. 1889వ సంవత్సరపు మద్రాసు టవున్సు న్యూసెన్సెస్ యాక్టు అది. హిందూ లా మీద తగాదా ఏడాదికి రెండుమూడు వస్తే, ఈ పుస్తకంతో ప్రతి సోమవారమూ పనే!

1968లో నేనాయన దగ్గర గుమాస్తాగా చేరాను. ఎస్సెల్సీ అయిపోయి, టైపు నేర్చుకుని, ఏ కచేరీలోనూ ఉద్యోగం రాక చేరాను లెండి. మాది గుంటూరు జిల్లాలో ట్రంకురోడ్డు మీది చిన్న టవును. పేరెందుకు? కలకత్తా నుంచి మద్రాసు పోయే లారీలన్నీ మా ఊళ్ళో ఆగి టీ తాగి పోయేవి. ఊరికి ఒక పక్క జిన్నింగు మిల్లు, ఇంకో పక్క పొగాకు గోడౌనులు. మాఘ ఫాల్గుణాలు వచ్చాయంటే చుట్టూ మిరప కల్లాలు. గాలి అటునుంచి తిరిగితే కోర్టు హాల్లో మేజిస్ట్రీటుగారు సహా అందరమూ తుమ్మేవాళ్ళం. ముద్దాయి తుమ్మితే కోర్టు ధిక్కారమవుతుందా అని మా ప్లీడరుగారు ఒకసారి మెల్లిగా నన్నడిగారు. ఆయన హాస్యం అట్లా ఉండేది.

సోమవారం ఉదయం హెడ్డు కనిస్టీబుగారు పది పన్నెండుమందిని తోలుకొచ్చేవారు. బండి రోడ్డుకు అడ్డంగా నిలిపినవాడు, తాగి కాలవగట్టున పడిపోయినవాడు, సత్రం అరుగు మీద పేకాడినవాళ్ళు. వాళ్ళ వెనకాల ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు. వీధిలో అసభ్యంగా ప్రవర్తించారని వాళ్ళమీద అభియోగం. “తప్పు ఒప్పుకుంటావా?” అంటే “ఒప్పుకుంటానండి” అనేది. “పదిహేను రూపాయలు” అనేవారు మేజిస్ట్రీటుగారు. అంకె పూర్తిగా వినకుండానే ఆ మనిషి కొంగుముడి విప్పుతూ ఉండేది. సంతలో ఆశీలు కట్టినట్టు కట్టి, రసీదు తీసుకుని వెళ్ళిపోయేది. ఆ రసీదు ఆ వారానికి పనికొస్తుందనీ, మళ్ళీ పట్టుకుంటే “మొన్ననే కదయ్యా కట్టింది” అని చూపించవచ్చుననీ వాళ్ళల్లో ఒకామె నాతో చెప్పింది. చట్టంలో అటువంటి సెక్షను లేదు. కాని ఠాణాలో అది చెల్లేది కాబోలు.

మీకొక సందేహం రావచ్చు. ఇటువంటి వాటికని 1956లో పార్లమెంటు వేరే చట్టం చేసింది కదా, ఇంగ్లీషువాడు చేసిన పాత చట్టం ఎందుకు తీశారు అని. నాకూ వచ్చింది. ప్లీడరుగారు చెప్పారు: కొత్త చట్టం కింద పట్టుకోవాలంటే దానికోసం ప్రత్యేకంగా నియమించిన పోలీసు అధికారి ఉండాలి. మామూలు ఠాణా ఆఫీసరు దర్యాప్తు చేస్తే కేసు నిలవదని 1961లో ఢిల్లీ కేసొకదానిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా ఊరి హెడ్డుగారికి అంత తతంగమెక్కడ? పాత పుస్తకమైతే ఒక కనిస్టీబు, ఒక లాఠీ, ఒక సాక్షి చాలు.

పోనీ కొత్త చట్టం మాత్రం ఏం చెప్పిందంటారా? అది కూడా చదివాను, టైపుచేసే వాణ్ణి కనుక. ఒళ్ళు అమ్ముకోవడం నేరమని అది ఎక్కడా అనదు. దాని కోపమంతా ఇల్లు నడిపేవాళ్ళమీద, తార్చేవాళ్ళమీద, ఆమె సంపాదన తిని బతికేవాళ్ళమీద. అంతవరకు భేషుగ్గా ఉంది. తరువాత ఏడో సెక్షను వస్తుంది. గుడికి, బడికి, ఆసుపత్రికి రెండువందల గజాల లోపల ఈ వృత్తి చేయరాదు. మా ప్లీడరుగారు ఒక మధ్యాహ్నం ఊరి పటం తీసి గుడికి, మసీదుకు, చర్చికి, రెండు బళ్ళకు, ఆసుపత్రికి పెన్సిలుతో సున్నాలు చుట్టారు. ఊళ్ళో ఇక మిగిలింది చెరువు, శ్మశానం! ఆపైన ఎనిమిదో సెక్షను. మాటతోగాని, సైగతోగాని, కిటికీ దగ్గర కూర్చునిగాని, మేడ వరండాలో కనబడిగాని మనుషుల్ని పిలవడం నేరం. సాయంకాలం కిటికీ దగ్గర కూర్చోని ఆడది మన దేశంలో ఉందా? కిటికీ ఒకటే, కూర్చోవడమూ ఒకటే. తేడా అంతా చూసేవాడి మనసులోనే ఉంది.

ఈ విద్య మనకు సీమనుంచి దిగుమతి అయింది. నెపోలియనుతో యుద్ధాలు అయిపోయి సిపాయిలు, పనిలేనివాళ్ళు రోడ్లమీద పడ్డ రోజుల్లో, 1824లో ఇంగ్లండులో వేగ్రన్సీ యాక్టు చేశారు. వీధుల్లో తిరుగుతూ అసభ్యంగా మెలగే వేశ్యను పట్టుకోవచ్చునని అందులో రాశారు. అసభ్యత ఏమిటో తేల్చేది పట్టుకున్న పోలీసే. ఇక్కడికొచ్చాక వాళ్ళకు సిపాయిల రోగాల బెంగ పట్టుకుంది. 1864లో కంటోన్మెంటు చట్టం, 1868లో అంటురోగాల చట్టం వచ్చాయి. సికిందరాబాదు వంటి దండుబజార్లలో ఆడవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కించడం, పరీక్షలకు పిలవడం, రోగముందంటే లాక్ ఆసుపత్రిలో పెట్టి తాళం వెయ్యడం. రోగం తెచ్చిపెట్టిన సిపాయిని అడిగినవాడు లేడు. ఇంగ్లండులో జోసెఫీన్ బట్లర్ అనే ఇల్లాలు ఏళ్ళ తరబడి పోట్లాడితే అక్కడ 1886లో, ఇక్కడ 1888లో ఆ చట్టాలు రద్దయినాయి. మరుసటి ఏడు మద్రాసు వారి న్యూసెన్సు చట్టం వచ్చింది. దీనికీ దానికీ సంబంధముందని నేననను. పశువును వీధిలో వదిలేవాడికోసం, రోడ్డుకడ్డంగా బండి పెట్టేవాడికోసం చేసిన చట్టమే. కాని ఆ వరసలోనే ఆడదాన్నీ చేర్చి చూడటం మనవాళ్ళకు ఎంత సులువుగా అలవాటయిందో చూడండి.

వీధిలో ఎవరు నడవాలి, ఎవరు నడవకూడదు అనేది ఒక్క ఆడవాళ్ళ సంగతే కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ళను సాల్వేషన్ ఆర్మీ చేతికప్పగించి, సెటిల్మెంటు దాటాలంటే చీటీ ఉండాలన్నారు. నేరస్థ జాతుల చట్టం అది. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వచ్చి, దేశమంతటా 1952లో గాని పోలేదు. ఆ 1871 చట్టంలోనే రెండో భాగమొకటి ఉంది. హిజ్రాలు ఆడవేషంలో వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చును. దాన్ని చూసి నైజాము వారు కూడా 1919లో, అంటే 1329 ఫసలీలో, అటువంటిదే చేసుకున్నారు. హైదరాబాదులో అది చట్టాల పుస్తకంలో అట్లాగే కూర్చుని, 2023 జూలైలో తెలంగాణా హైకోర్టు కొట్టేసేదాకా కదల్లేదు. నూటనాలుగేళ్ళు!

మంచి మనసుతో చేసినవీ ఉన్నాయి. అవి చెప్పకపోతే అన్యాయం. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో ఉపాధ్యక్షురాలుగా ఉండగా దేవదాసీల ఇనాము భూములకు గుడి చాకిరీతో లంకె తెంచుతూ 1929లో చట్టం వచ్చింది. 1947లో ఆడవాళ్ళను గుడికి అంకితమివ్వడమే నిషేధించారు. మంచి పని. ఆ చట్టంలో మన తెలుగు కులాల పేర్లన్నీ వరసగా రాశారు: బోగం, కళావంతులు, సాని, నాగవాసులు, కుర్మాపులు. మేళంలో ఆడినంతమాత్రాన ఆమెను వేశ్య కింద లెక్కకట్టే ఆచారం చెల్లదన్నారు. చాలా బాగుంది. ఆ ఊపిరిలోనే గుడిలోగాని దేవుడి ఊరేగింపులోగాని ఆడది నాట్యం చెయ్యరాదన్నారు. 1956లో మన ఆంధ్రరాష్ట్రం ఇంకొక సవరణ చేసి పెళ్ళిళ్ళలో మేళాలు కూడా మాన్పించింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అంతకు ముందటి వేసవిలో మా మేనమామ పెళ్ళిలో మేళం చూశాను. గ్యాసులైటు వెలుతురులో ఒక పెద్దావిడ కూర్చునే చేతులతో, కళ్ళతో అభినయం పట్టింది. మా నాయనమ్మ, మడికట్టుకుని మైలదూరంలో కూర్చునే మా నాయనమ్మ, “ఆహా” అంది. తరువాత మా చెల్లెలి పెళ్ళికి బ్యాండు వచ్చింది. ఆ పెద్దావిడ పక్క ఊళ్ళో పాలవ్యాపారం పెట్టుకుందని, ఎవరైనా పాట చెప్పమని వెళ్తే తలుపు వేసుకుంటుందని విన్నాను. ఆమెకు ఇష్టంలేని బతుకునుంచి బయటపడిందో, ఇష్టమైన విద్యనుంచి బయటపడిందో నేను చెప్పలేను. రెండూ ఒక్క మూటలో కట్టి బయటపెట్టారు.

ఇక నేను చెప్పదలచిన కేసు సంగతి.

1971 మార్చి, పార్లమెంటు ఎన్నికలు జరిగిన నెల. ఏడాది కిందటే ఒంగోలు జిల్లా ఏర్పడింది. దానికి ప్రకాశం పంతులుగారి పేరు తరువాత పెట్టారు. కనిగిరి, పొదిలి వైపు మెట్టల్లో పనులుండవు కనుక మిరపకోతలకు అక్కడినుంచి కూలీలు గుంపులుగా మా వైపుకు వచ్చేవారు. కల్లాల్లోనే గుడిసెలు వేసుకుని, కోత అయిపోయిందాకా ఉండి, చేతులు మండిపోతుంటే మజ్జిగ రాసుకుని, తిరిగి పోయేవారు. రోజుకూలి రెండు రూపాయలు దాటని కాలం.

ఒక సోమవారం హెడ్డుగారు తెచ్చిన జట్టులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె మాకు తెలిసిందే. ఆ నెలలో అది మూడోసారి. రెండో ఆమెకు ముప్ఫైయేళ్ళుంటాయి. ఆదివారం రాత్రి పదింటికి బస్సుస్టాండులో కరెంటు దీపం కింద నిలబడి ఉంటే ఇద్దరినీ కలిపి పట్టుకొచ్చారు. మొదటామె ఒప్పుకుంది, కట్టింది, రసీదు తీసుకుంది. రెండో ఆమె వంతు వచ్చింది.

“తప్పు ఒప్పుకుంటావా?”

“ఏం తప్పయ్యా?”

హాల్లో తుమ్ములు ఆగిపోయినాయి. అట్లా అడిగినవాళ్ళు నేను చేరాక ఎవరూ లేరు.

బెంచి గుమాస్తాగారు దయతోనే చెప్పారు, “పదిహేను రూపాయలమ్మా, కట్టి పో. లేకపోతే మళ్ళీ మళ్ళీ రావాల” అని. ఆమె దగ్గర పంతొమ్మిది రూపాయలున్నాయి. పంచనామాలో రాసి ఉంది. కట్టవచ్చు. “కడితే చేసినట్టేగా అయ్యా? మా ఊరోళ్ళు ఆడ కల్లంలో ఇరవైమంది ఉండారు. మావాళ్ళకు తెలీకుండా పోద్దా? నాకు ఆడపిల్ల ఉండాది” అంది. గొంతు పెంచలేదు. కళ్ళనీళ్ళూ పెట్టలేదు. మేజిస్ట్రీటుగారు కుర్రవాడు, కొత్తగా వచ్చారు. కలం కింద పెట్టి మా ప్లీడరుగారి వంక చూశారు. ఈయన లేచారు. సొంత ముచ్చిలిక మీద ఆమెను వదిలారు.

మూడు వాయిదాలు పడ్డాయి. మొదటి వాయిదాకు హెడ్డుగారు ఎన్నికల బందోబస్తుకు పోయారు. రెండోదానికి సాక్షి రాలేదు. ప్రతిసారీ ఆమె కల్లం మానుకుని వచ్చింది. మూడోదానికి కోతలు అయిపోయి ఊరికి వెళ్ళిపోయింది గనుక నలభై మైళ్ళ అవతలినుంచి వచ్చింది. బస్సుచార్జీలు, పోయిన కూలి కలిపి నేను ఒకసారి కాగితం మీద లెక్కవేశాను.  ప్లీడరుగారు ఆ కాగితం చూసి చింపేశారు.

విచారణ అరగంట. కనిస్టీబుగారు ఆమె అసభ్యంగా ప్రవర్తించిందని చెప్పారు. మా ప్లీడరుగారు లేచి, “ఏం చేసింది?” అన్నారు.

“నిలబడి ఉందండి.”

“ఎక్కడ?”

“దీపం కింద.”

“స్టాండులో దీపాలెన్ని?”

“ఒకటేనండి.”

“అక్కడ ఇంకెంతమంది ఉన్నారు?”

“పది పన్నెండుమంది, మగవాళ్ళు.”

“వాళ్ళేం చేస్తున్నారు?”

“బస్సుకోసం నిలబడ్డారండి.”

“ఆమె?”

కనిస్టీబుగారు కాసేపు ఆలోచించి, “నిలబడిందండి” అన్నారు.

రెండో సాక్షి సోడాకొట్టువాడు. వాడి బడ్డీ స్టాండు పోరంబోకులో ఉంది; పోలీసువారి చలవవల్ల ఉంది. ఆమె ఎవరినీ పిలవలేదా అంటే, “నన్ను పిలిచిందండి” అన్నాడు. “ఏమని?” “పొదిలి బస్సు పోయిందా అని.” హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆ తరువాత మా ప్లీడరుగారు మూట తెప్పించమన్నారు. ఆమె దగ్గర స్వాధీనం చేసుకున్న గుడ్డమూటలో రెండు కిలోల తాలుకాయలు, ఒక సత్తుగిన్నె, ఒక పాతచీర ఉన్నాయి. కూలీలకు పోయేముందు రైతులు అట్లా తాలుకాయలు పెట్టడం మామూలు. ఆయన ఆమెను చేతులు చూపించమన్నారు. వేళ్ళ చివర చర్మం ఊడి ఎర్రగా ఉంది. “ఇవి కోతకూలీ చేతులు. ఈమె సంసారి. ఆ రాత్రి పక్కన పట్టుకున్న మనిషి వంటిది కాదు” అని వాదించారు. వాదన పనిచేసింది. కేసు కొట్టేశారు.

ఆ వాదన మీద నాకు అప్పుడూ కొంచెం గుచ్చుకుంది, ఇప్పుడూ గుచ్చుకుంటుంది. ఆయన తప్పేమీ లేదు. క్లయింటును గెలిపించడం ఆయన ధర్మం. కాని ఆ రాత్రి దీపం కింద రెండో ఆమె కూడా నిలబడే ఉంది. ఆమె ఏ సైగ చేసిందో, ఎవరిని పిలిచిందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమె చేతులు ఎవరూ చూడలేదు. ఆమె పగలు జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుందని నాకు తెలుసు. మిల్లు మూసిన నెలల్లోనే సోమవారాలు ఎక్కువగా కనబడేది. మంచి ఆడదని రుజువు చేసుకుంటేనే స్టాండులో నిలబడే హక్కు వస్తుందంటే, ఆ హక్కు ఇద్దరిలో ఎవరికీ లేనట్టే.

చట్టాలు తరువాత చాలా మారినాయి. 1956 చట్టానికి 1986లో పేరు మార్చారు, గజాలు మీటర్లయినాయి. పిలిచిన నేరానికి ఆడదానికి మొదటిసారి ఆరునెలల దాకా శిక్ష. అదే నేరం మగవాడు చేస్తే వారంరోజులకు తగ్గకుండా మూడునెలల దాకా చాలునన్నారు. ఈ లెక్క ఎవరు కట్టారో! ఇండియన్ పీనల్ కోడు పోయి 2024 జూలై 1నుంచి భారతీయ న్యాయసంహిత వచ్చింది. బహిరంగస్థలంలో అశ్లీలతను గురించిన పాత 294వ సెక్షను అందులో 296 అయింది. మాటలు దాదాపు అవే. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, వయసొచ్చిన స్త్రీ తన ఇష్టంతో ఈ వృత్తిలో ఉంటే పోలీసులు జోక్యం చేసుకోరాదనీ, దాడుల్లో ఆమెను అరెస్టుచేసి వేధించరాదనీ, ఆమెకూ మర్యాదగా బతికే హక్కుందనీ చెప్పింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాకు ఆ పత్తి మిల్లామె కొంగుముడి జ్ఞాపకం వచ్చింది. ఆమె ఉందో లేదో.

కేసు కొట్టేసిన నాడు కూలామె నా బల్ల దగ్గరకు వచ్చింది. తీర్పు కాగితం కావాలంది. నకలుకు దరఖాస్తు, స్టాంపులు, రెండు వారాల గడువు చెప్పాను. ఫీజు కింద ప్లీడరుగారికి మూటలోని మిరపకాయలు ఇచ్చింది. ఆయన మొహమాటపడి సగం తీసుకున్నారు. రెండు వారాల తరువాత చెప్పిన రోజుకు వచ్చింది. నకలు ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమంది. చదివి తెలుగులో చెప్పాను: ప్రాసిక్యూషను వారు నేరం రుజువు చెయ్యలేకపోయారు గనుక ముద్దాయిని విడుదల చేయడమైనది.

“బస్సుకోసం నిలబడిందని యాడుంది బాబూ?”

“అట్లా రాయరమ్మా. నేరం రుజువు కాలేదని రాస్తారు.”

“అది రాయించరాదా? మావోళ్ళకు చూపిచ్చేదానికి.”

కుదరదన్నాను. కాగితం మళ్ళీ ఒకసారి చదివించుకుంది. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. పొదిలి బస్సుకు ఇంకా గంటన్నర ఉంది, ఎండగా ఉంది. కోర్టు వసారాలో కూర్చుని వెళ్ళమన్నాను.

“వద్దులే, స్టాండులోనే ఉంటా” అని మెట్లు దిగిపోయింది.